జమ్మిచెట్టు మీది ఆయుధములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగనాడు యుద్ధవిమానముల ప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. ఇందు చెప్పబోవునది యుద్ధవార్త గాదు. కొలువు చాలించిన యుద్ధవిమానములను, జీతమును ఆశింపక, ఆజ్ఞ యెవ్వరును ఈయకున్నను, మక్కువచేతనే కాపాడి, ఏడాదికి కొన్ని దినములు ప్రజలయెదుట వాని ఇంజనులను మ్రోగించుచున్న సామాన్యుల కథ. కాపాడుట యననేమి, దాచుట యననేమి, ఈ రెండింటికిని భేద మెట్టిది యను ప్రశ్న ఈ కథలో నున్నది. ఆ ప్రశ్న గ్రంథాలయమునకును తప్పనిది.

భారతమున విరాటపర్వకథ అందరును విన్నదే. అజ్ఞాతవాసమునకు బోవుచు పాండవులు తమ ఆయుధములను మూటగట్టి జమ్మిచెట్టుపై దాచిరి. ఏడాది గడచినపిదప ఉత్తరుడు చెట్టెక్కి మూట దింపి విప్పి, ఇది యెవరిది, అది యెవరిదని యడిగెను. అర్జునుడు ఒక్కొక్కదాని పేరును వివరమును చెప్పెను. ఆనాడు గాండీవము పలికినది. అదే గాండీవము ద్వారకానాశమునకు పిదప ఎక్కుపెట్టుటకే అర్జునునకు కష్టమాయెను. కడకు మహాప్రస్థానవేళ అగ్నిదేవుడు అడుగగా దానిని నీటిపాలు చేయవలసివచ్చెను. కొలువు ముగిసిన ఆయుధమునకు గల రెండు గతులును ఇందున్నవి. వివర మెరిగినవాడు వచ్చి దింపినచో అది మరల పలుకును. రానిచో నీటిలోనికో, కొలిమిలోనికో పోవును.

తెలుగునాట విజయదశమికి జమ్మిపూజ, దానికి ముందు ఆయుధపూజ చేయుట ఈ స్మృతితోనే. కమ్మరి తన సమ్మెటకు, రైతు తన నాగలికి, లెక్కలవాడు తన కలమునకును దస్త్రమునకును బొట్టుపెట్టును. పూజపేర ఏడాదికి ఒకమారైనను ప్రతి పనిముట్టును దులిపి, తుడిచి, నూనె రాచుట జరుగును. పెద్దలు పెట్టిన ఈ ఆచారములో భక్తియు గలదు, యంత్రధర్మమును గలదు.

ఇక విమానముల మాట. వాని చరిత్రకు హైదరాబాదు నగరముతో విచిత్రమైన సంబంధ మున్నది. ఆబిడ్సుకును నాంపల్లికిని సమీపమున నున్న బషీర్‌బాగ్ పేట అందరు నెరిగినదే. బషీరుద్దౌలా అను బిరుదుగల పైగా వంశీయుడు సర్ ఆస్మాన్ జా అచ్చట కట్టించిన మహలునుబట్టి ఆ పేరు వచ్చినది. మహలు కూల్చబడినది; పేరు నిలిచినది. ఆ పేటకు ఆనుకొనియున్న కింగ్ కోఠీలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను నివసించి, 1967లో అచ్చటనే కన్నుమూసెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఈ నిజాము బ్రిటిషువారికిచ్చిన ధనముతో వారి వైమానికదళమునందు 110వ స్క్వాడ్రనుకు 1918లో డి.హెచ్. 9ఏ అను జంటవరుస రెక్కల బాంబు విమానములు సమకూడెను. వానిపై హైదరాబాదు నిజాము కానుక యని వ్రాయించిరి. ఆ స్క్వాడ్రను పేరులో హైదరాబాదును చేర్చిరి. వానిలో ఎఫ్ 1010 సంఖ్యగల విమానము 1918 అక్టోబరు 5న జర్మనులకు చిక్కెను. వారు దానిని బెర్లిను ప్రదర్శనశాలలో నుంచిరి. రెండవ యుద్ధములో అది పోలెండు దేశమునకు తరలింపబడి, పిదప క్రాకో నగరమున మిగిలెను. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైరు విమానమును మారకముగా ఇచ్చి దానిని తెచ్చుకొని, లోపించిన అంగములను క్రొత్తగా చేయించి, లండనులోని వైమానికదళ ప్రదర్శనశాలయందు నిలిపిరి. హైదరాబాదు ప్రజల పన్నులతో కొనబడిన విమానము చూడగోరువారు ఇప్పుడచ్చటికి పోవలెను. అది యెగురదు, ఇంజను మ్రోగదు.

దానికి అన్నగారనదగిన డి.హెచ్. 9 జాతి విమానములకు వేరొక అదృష్టము పట్టినది. వాని శిథిలములు కొన్ని రాజస్థానమునందలి బికనీరు కోటలో, ఒకప్పటి ఏనుగులశాలలో పడియుండెను. విమానప్రియులైన కొందరు ఆంగ్లేయులు వానిని గుర్తించి, కొని, స్వదేశమునకు గొనిపోయి, ఏండ్లతరబడి శ్రమించి, ఒకదానిని 2019లో మరల ఎగురవేసిరి. నిజాము కానుక అద్దాలశాలలో నిశ్చలముగ నున్నది. ఏనుగులశాలలోని చెత్త ఆకసమున కెగసినది. అదృష్టమనునది ఎవరి చేతబడినదను దానినిబట్టి యుండును గదా!

రెండవ ప్రపంచయుద్ధములో హైదరాబాదు పేరుతో 152వ, 253వ స్క్వాడ్రనులు కూడ నుండెను. 152వ దాని చిహ్నమున నిజాము ధరించు తలపాగయే చిత్రింపబడినది. యుద్ధానంతరము ఇవి జెట్ విమానములను నడపెను. 152వ స్క్వాడ్రను 1954లో వాటిషాము అను విమానస్థావరమున పునఃస్థాపితమై మెటియారు జెట్లను, 253వది 1955 నుండి 1957 వరకు వెనము జెట్లను నడపెను. అప్పటికి హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరి ఏండ్లు గడచినవి. నిజాముకు రాజ్యము లేదు. కాని ఆంగ్లదేశపు రాత్రులలో జెట్ విమానములు హైదరాబాదు పేరును మోయుచు తిరిగినవి. 1958 నాటికి ఈ రెండు స్క్వాడ్రనుల జెట్ కొలువు ముగిసెను. వాటిషాము పేరు మరల వచ్చును. వినువారు గుర్తుంచుకొందురు గాక.

స్వతంత్ర భారతమున హైదరాబాదే జెట్ విద్యకు పాఠశాల యయ్యెను. సికింద్రాబాదుకు ఉత్తరముననున్న హకీంపేటలో యువ వైమానికులకు ఇస్క్ర అను పోలెండుదేశపు జెట్లపై శిక్షణ ఇచ్చిరి. ఇస్క్ర యనగా వారి భాషలో నిప్పురవ్వ. 1975, 76 సంవత్సరములలో 50 ఇస్క్రలు వచ్చినవి. 2004 డిసెంబరులో అవి హకీంపేటయందే కొలువు చాలించినవి. వాని పుట్టినింట, పోలెండులో, మక్కువగలవారు స్థాపించిన ఒక సంస్థ అదే జాతి విమానమును పిదపకూడ ప్రజాప్రదర్శనములలో ఎగురవేసినది. అమెరికాలోను కొందరు గృహస్థులు ఇస్క్రలను కొని నడిపిరి. హకీంపేట ఆకసమున పరిచితమైన ఆ ధ్వని అట్లు పరదేశములలో నిలిచినది.

జెట్ విమానము కొలువు చాలించుటకు దానియందలి దోషమే కారణమనుకొనరాదు. లోహమునకును ఆయువున్నది. పలుమారులు వంచిన తీగె తెగునట్లు, ఎగిరిన ప్రతిమారును రెక్కల మొదళ్లు కొంచెము కొంచెముగ అలయును. ఇన్ని గంటలని ముందే లెక్కవేసి, అంతటితో ఆపుదురు. విడిభాగములు చేయు కర్మాగారములు మూతపడుటయు, క్రొత్త విమానములు వచ్చుటయు తక్కిన కారణములు. పిదప పెక్కింటిని ముక్కలుచేసి తూనికకు అమ్ముదురు. కొన్నింటిని కూడలులలో స్తంభములపై నిలుపుదురు. ఏ కొన్నియో మక్కువగలవారి చేతికి చిక్కును.

అట్టివారికి పేరెన్నికగన్న స్థానము ఆంగ్లదేశమున లెస్టరుషైరునందలి బ్రంటింగ్‌థార్ప్ గ్రామము. దానికి సమీపముననే లటర్‌వర్త్ పట్టణమున, జెట్ ఇంజను నిర్మాతలలో ప్రథముడైన ఫ్రాంకు విటిల్ తన తొలి ఇంజనులపై శ్రమించెను. బ్రంటింగ్‌థార్పులో యుద్ధకాలపు విమానాశ్రయ మొకటి, దాదాపు 2 మైళ్ల రన్‌వేతో మిగిలియుండెను. 1988లో లైట్నింగు జాతి యుద్ధవిమానములను వైమానికదళము విరమింపజేయగా, కొందరు సామాన్యులు చందాలు వేసికొని, లైట్నింగు పరిరక్షక సంఘముగ నేర్పడి, ఒకదానిని కొని అచ్చట దింపించుకొనిరి. 1993లో రెండవది వచ్చెను. లైట్నింగనగా ధ్వనివేగమునకు రెట్టింపు వేగమున బోగల విమానము. ఇంజను మీద ఇంజనుగ రెండు ఇంజనులు. ఆ 1993లోనే విక్టరు అను మహాబాంబు విమానముకూడ ఆ రన్‌వేపై దిగి అచ్చటనే నిలిచెను.

విమానములు ఎండవానల పాలగుట ఆ సంఘమువారు ఓర్వలేకపోయిరి. వాటిషాము స్థావరమున, ఆజ్ఞవచ్చిన నిమిషములలో ఎగురుటకు విమానములను సిద్ధముగ నుంచిన ఇనుప శాల యొకటి నిరుపయోగముగ నుండెను. దానిని కొని, ఊడదీసి, లారీలపై తెచ్చి, సెలవుదినములలో పనిచేయుచు, కొన్ని ఏండ్లకు బ్రంటింగ్‌థార్పులో మరల నిలబెట్టిరి. ఒకనాడు హైదరాబాదు పేరుగల జెట్లు నివసించిన స్థావరమునుండి వచ్చిన కప్పు క్రింద లైట్నింగులు నీడగొన్నవి.

ఎగురుటకు ప్రభుత్వపు అనుమతి ఆ విమానములకు లేదు. కావున వారొక మధ్యమార్గమును త్రొక్కిరి. ఏడాదికి కొన్ని దినములు ప్రజలను పిలిచి, రుసుము గైకొని, విమానములను రన్‌వేపై పరుగెత్తించుటయే ఆ మార్గము. ముక్కు లేచువరకు పోయి, వేగము తగ్గించి, తోక పారాచ్యూటు విప్పి ఆగెడివారు. ఆ రుసుముతోనే ఇంధనమును, టైర్లును కొనెడివారు.

ఆ ఒక్క దినమునకు వెనుక ఎన్ని దినముల చాకిరి యున్నదో గమనింపదగును. బావికాడి ఆయిల్ ఇంజనును వానకాలమంతయు ఆపియుంచి, పిదప తిప్పబోయిన రైతునకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. నిలిచిన యంత్రము నిద్రించుట లేదు, క్షయించుచున్నది. జెట్ విమానమున చక్రములను, రెక్కల అంచులను కదలించునది గొట్టములలోని నూనె వత్తిడి. కదలిక లేనిచో కీళ్లయందలి రబ్బరు ఎండి బీటలువారును, నూనె కారును. విద్యుత్తు తీగెల ముడులలో చెమ్మ చేరి పచ్చని తుప్పు పట్టును. గాలి లోనికి బోవు నోటిలో పక్షులు గూళ్లు కట్టును. ఒకే భారమున నిలిచిన టైరు ఒకవైపు చదునగును. అందుచే నియమముగ ఇంజనులను తిప్పవలెను, నూనెలను మార్చవలెను, చక్రములను జరుపవలెను.

పరుగుదినమున రన్‌వేపై గులకరాయిగాని, మేకుగాని లేకుండ మనుష్యులు వరుసగ నడచి యేరుదురు; ఏలయన ఒక్క రాయిని మ్రింగినను ఇంజను ధ్వంసమగును. లైట్నింగు ఇంజనును మేల్కొల్పుటకు ఐసోప్రొపైల్ నైట్రేటు అను తీవ్రముగ మండు ద్రవము కావలెను. అది సులభముగ దొరకదు. ప్రమాదవేళ పైలటును పైకి విసరు ఆసనములందలి పేలుడుమందును, నేలమీద పరుగెత్తు విమానములలో సాధారణముగ తీసివేయుదురు. ఇన్నియు చూచుకొనువారు ఉద్యోగులు గారు. వారిలో వైమానికదళమున పనిచేసి విరమించిన మెకానిక్కులు కొందరు. విమానమును నేలమీదనుండి చూచుట తప్ప ఎరుగక, వారివద్ద విద్య నేర్చినవారు కొందరు.

పనికంటె కష్టమైనది లెక్క. ప్రతి విమానమునకు ఒక దస్త్రమున్నది. ఎన్నడు ఎగిరినది, ఎన్ని గంటలు, ఏ భాగము ఎన్నడు మార్చబడినది, మార్చినవా డెవడు, సరిచూచినవా డెవడు అని అందు సంతకములతో వ్రాయుదురు. ఎగురవలసిన విమానమున అమర్చు భాగము చూచుటకు మేలిమిగ నున్నను, దాని కాగితము లేనిచో తుక్కుతో సమానము. గట్టు రాళ్లు పొలములో నున్నను, హద్దు దస్త్రములో లేనిచో తగవు తప్పనట్లే యిదియు. విమానము నెగురవేయునది ఇంధన మనుకొందురు. నిజమునకు దానిని ఎగురనిచ్చునది దాని గ్రంథము.

ఈ సత్యమునకు వల్కను విమానమే నిదర్శనము. త్రికోణాకారపు రెక్కలుగల ఈ బాంబు విమానములలో ఎక్స్‌హెచ్ 558 సంఖ్యగల దానిని ఒక ధర్మసంస్థ చేపట్టినది. ప్రభుత్వ లాటరీనిధినుండి లభించిన 27 లక్షల పౌనులకు పైబడిన సొమ్ముతోను, అసంఖ్యాకులైన ప్రజల విరాళములతోను దానిని బాగుచేయించి 2007 అక్టోబరు 18న ఎగురవేసిరి. 8 ఏండ్లు అది ప్రజలకు కనులపండువు చేసినది. 2015 అక్టోబరులో చివరిమారు ఎగిరి నిలిచిపోయినది. ప్రజల యుత్సాహము తగ్గలేదు. దాని యోగ్యతకు పూచీపడవలసిన నిర్మాణసంస్థలు, ఆ పాతవిద్య నెరిగినవారు తమవద్ద కరవగుచుండుటచే, ఇక పూచీపడలేమని తప్పుకొన్నవి. విమానమున్నది, ఇంజను లున్నవి, చూచువారున్నారు; ఎరిగినవారు లేకపోయిరి. గాండీవ మున్నది, అర్జునుని చేతిలోని పూర్వపు నేర్పు లేదు.

ఎగురవేయుటయందలి అపాయమును మరుగుపరచరాదు. అదే 2015 ఆగస్టు 22న షోరుహాము ప్రదర్శనములో హంటరు అను పాతజెట్టు పల్టీకొట్టుచు, పైకి లేవజాలక, ప్రక్కనున్న రాజమార్గముపై పడెను. మరణించిన 11 మందిలో కొందరు ప్రదర్శనమునకు రాక, తమ దారిన తాము పోవుచున్నవారు. పిదప ప్రభుత్వము కఠిన నిబంధనలు విధించి, నేలమీదుగ పాతజెట్లు విన్యాసములు చేయుటను నియంత్రించినది. ఒకరి మక్కువకు వేరొకరి ప్రాణము పణముకారాదు. ఈ విషయమున వాదమునకు తావు లేదు. నేలమీద పరుగులోను జాగరూకత వలయును. 2009లో బ్రంటింగ్‌థార్పునందు విక్టరు విమానము పరుగులోనుండగా తలవని తలంపుగ కొన్ని క్షణములు గాలిలోనికి లేచెను. అదృష్టవశమున క్షేమముగ దిగెను. కొలువు విడిచినను అది విమానమనుటను మరువలేదు, నడుపువారును మరువరాదు.

భూమి సొంతము కానివారికి వేరొక భయము గలదు. 2020 ప్రాంతమున బ్రంటింగ్‌థార్పు రన్‌వే మోటారుకార్లను నిలువయుంచుటకు ఈయబడుటచే, అచ్చటి పరుగుదినములు ముగిసినవి. బక్కనీరు జాతి జెట్లను కాపాడుచున్నవారు రెండు విమానములను విప్పి రోడ్డుమార్గమున కెంబులు అను వేరొక విమానాశ్రయమునకు గొనిపోయిరి. తరలింపనలవిగాని పెద్ద విమానముల గతి అట్లుగాదు గదా!

భారతదేశమున ఈ విద్య మొదటిమెట్టున నున్నది. ఢిల్లీలోని పాలం వైమానికదళ ప్రదర్శనశాల 1967లో నెలకొన్నది. దళమువారు టైగర్‌మాత్, హార్వర్డు అను పాత శిక్షణ విమానములను వైమానికదళ దినోత్సవములందు ఎగురవేసిరి. 2018లో డకోటా విమానమొకటి, అప్పటి పార్లమెంటు సభ్యులు శ్రీ రాజీవ్ చంద్రశేఖర్ ఆంగ్లదేశమున తమ ఖర్చుతో బాగుచేయించి దళమునకు కానుకగ నీయగా, పరశురామ యను పేరుతో స్వయముగ ఎగిరి భారతదేశమునకు వచ్చినది. ఇవి జెట్లు గావు. జెట్టు విషయమున అట్టి పూనిక ఇంకను బలపడవలసియున్నది.

తెలుగు సముద్రతీరమున విశాఖపట్టణములో టియు 142 అను మహావిమానము గలదు. 29 ఏండ్లు సముద్రముపై గస్తీ తిరిగి 2017 మార్చిలో విరమించిన దానిని, విప్పి తెచ్చి బీచిరోడ్డున కూర్చి, ఆ డిసెంబరులో ప్రదర్శనశాలగ చేసిరి. బాలురు లోనికి బోయి చూచి సంతసించుచున్నారు. అది మంచి పనియే. కాని ఉప్పుగాలి రాత్రింబవళ్లు లోహమును తినుచుండును, ఇంజను నిశ్శబ్దము. మిగ్ 21 విమానములుకూడ 62 ఏండ్ల సేవయనంతరము 2025 సెప్టెంబరు 26న చండీగఢులో కొలువు చాలించినవి. మిగ్ విమానముల ఎలెక్ట్రానిక్ పరికరముల కొరకే హైదరాబాదు బాలానగరున హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారి కర్మాగారము నెలకొల్పబడినది. ఆ పరికరములను చేతులతో కూర్చినవారు, హకీంపేటలో ఇస్క్రలకు నూనె పోసినవారు ఇప్పుడు విశ్రాంతులై వారి వారి యిండ్లలో నున్నారు. వారి కలములు కదలలేదు. వారివద్దకు శిష్యులు పోలేదు. మిగ్ విమానములను కూడలులలో నిలుపుటకు స్తంభములు కట్టవచ్చును. ఈ మనుష్యులు పోయినపిదప వారి విద్యను నిలుపుటకు ఏ స్తంభమును చాలదు.

కావున తేలిన దేమనగా, పాతవస్తువును కాపాడుట యనగా దాని లోహమును దాచుట మాత్రమే గాదు. దానిని కదలింపనేర్చిన చేయి, ఆ చేతికి దారిచూపు దస్త్రము, ఆ చేతినుండి నేర్చుకొను చిన్నవాడు: ఈ మూడింటిని కాపాడుట. ఇందేది లోపించినను తక్కినవి వ్యర్థములు. జమ్మిచెట్టుపై మూట యున్నంతమాత్రమున చాలదు. అడుగు ఉత్తరుడును, చెప్పు అర్జునుడును ఉండవలెను.

గ్రంథాలయమునకును ధర్మ మిదియే. అద్దాల బీరువాలో తాళమువేసిన పుస్తకము స్తంభముమీది విమానమువంటిది. చందాదారుని చేతికి బోయి, చదువబడి, అట్ట నలిగి, మరల అతుకుపడి బీరువాకు వచ్చిన పుస్తకము పరుగుదినపు విమానమువంటిది. ఎవరికిచ్చినది, ఎన్నడు వచ్చినదని వ్రాసికొను చిట్టాయే దాని దస్త్రము. ఇరుసు పోసిన వడ్రంగి, గానుగ నడపిన వృద్ధుడు, మోటతోలిన రైతు, మగ్గపు మెళకువలెరిగిన నేతగాడు ప్రతి గ్రామమునను ఇంకను కొందరున్నారు. వారి నోటిమాటను విద్యార్థులచే వ్రాయించి, ఈ గ్రంథాలయపు బీరువాలో ఒక అర నింపినచో, స్వర్ణోత్సవము నాటికి అది ఇచ్చటి గ్రంథములన్నింటికంటె విలువైన దగును.

25 ఏండ్లు ఈ దీపమును కొండెక్కనీయక కాపాడిన కార్యకర్తలకు అభినందనలు. అడుగు బాలురును, చెప్పు పెద్దలును ఈ గ్రామమున ఎల్లకాలము నుందురు గాక.

స్వస్తి.